గోటాన్ అంటే తిరగేసిన టాంగో

చిన్నప్పుడు 'క భాష' మాట్లాడని తెలుగు పిల్లలు అరుదు. ప్రతి అక్షరానికీ ముందు ఒక 'క' తగిలించి "కనే కను కవ కస్తా" అన్నామంటే పక్కనున్న పెద్దవాళ్లు తెల్లమొహం వేస్తారు. మన జట్టువాళ్లకు మాత్రం "నేను వస్తా" అని అర్థమైపోతుంది. దక్షిణ అమెరికాలో, అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్‌లో కూడా ఇలాంటి దొంగభాష ఒకటి ఉంది. అక్కడ అక్షరాలు తగిలించరు, మాటనే తిరగేస్తారు. 'అమీగో' అంటే స్నేహితుడు. వీధి భాషలో వాడు 'గోమియా' అయిపోతాడు. 'కఫే' కాస్తా 'ఫెకా' అవుతుంది. 'టాంగో' అనే మాట 'గోటాన్' అవుతుంది. ఈ ఆటకు 'వెస్రే' అని పేరు. ఆ పేరు కూడా తిరగేసిందే! తలకిందులు అనే అర్థమున్న 'రెవెస్' అనే స్పానిష్ మాటను తిప్పితే 'వెస్రే' వస్తుంది. తమాషా ఏమిటంటే, పారిస్ కుర్రకారు కూడా ఫ్రెంచి మాటలను ఇలాగే తిప్పి మాట్లాడతారు. వాళ్లు దాన్ని 'వెర్లాన్' అంటారు.

1999లో పారిస్‌లో ముగ్గురు సంగీతకారులు కలిసి ఒక బ్యాండ్ పెట్టి దానికి 'గోటాన్ ప్రాజెక్ట్' అని పేరు పెట్టుకున్నారు. రెండు నగరాల వీధి పిల్లలకూ ఒక్కసారే అర్థమయ్యే పేరు అది. ముగ్గురిలో ఫిలిప్ కోహెన్ సొలాల్ ఫ్రెంచివాడు, డీజే. క్రిస్టోఫ్ ముల్లర్ స్విట్జర్లాండ్ మనిషి, సింథసైజర్లతో, కంప్యూటర్లతో సంగీతం చేసేవాడు. వీళ్లిద్దరూ అంతకుముందు నుంచే కలిసి డాన్సు సంగీతం చేస్తున్నారు. మూడోవాడు ఎడ్వర్డో మకరోఫ్. బ్యూనస్ ఎయిర్స్‌లో పుట్టి, తర్వాత పారిస్ వచ్చి స్థిరపడిన గిటారిస్టు. వీళ్లు పాత టాంగోను తీసుకుని దాని కింద ఎలక్ట్రానిక్ తాళం పరిచారు. 2001లో మొదటి ఆల్బమ్ వచ్చింది. పేరు 'లా రెవాంచా దెల్ టాంగో'. రెవాంచా అంటే స్పానిష్‌లో పగ తీర్చుకోవడం. ఓడిపోయిన జట్టు "ఇంకో ఆట ఆడదాం రా" అని పిలిచే పోటీని కూడా రెవాంచా అనే అంటారు. మాకు రెండో అర్థమే బాగా నచ్చింది. 1950ల తర్వాత రాక్ సంగీతం వచ్చి పడ్డాక అర్జెంటీనా యువకులకు టాంగో తాతల కాలం పాటలా కనిపించడం మొదలైంది. ఆ ఓడిన ఆటను మళ్లీ ఆడదామని ఈ బ్యాండ్ పిలుపు.

ఈ వ్యాసం కోసం మేము వాళ్ల మూడు స్టూడియో ఆల్బమ్‌లనూ వరసగా విన్నాం. వింటున్నంతసేపూ మా చర్చ సంగీతం దగ్గర ఆగకుండా ఇంకో ప్రశ్న మీదికి పోయింది. మనలాంటి పిల్లలకు ఆ ప్రశ్న బాగా అలవాటే. కొత్త బడిలో చేరిన మొదటి రోజున ఎవరో ఒకరు అడుగుతారు: "మీ సొంతూరు ఏది?" నాన్నది తెనాలి, అమ్మది వరంగల్, పుట్టింది జలంధర్‌లో, ఒకటో తరగతి కొచ్చిలో, ఇప్పుడు జోధ్‌పూర్‌లో. ఇందులో ఏది చెప్పాలి? ఏదో ఒకటి చెప్పి ఊరుకుంటాం. టాంగోను కూడా లోకం ఇదే ప్రశ్న అడుగుతూ వచ్చింది. దాని జవాబు మనదానికన్నా పెద్దది.

బ్యూనస్ ఎయిర్స్ ఓడరేవు పట్టణం. 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో యూరప్ నుంచి లక్షలాది మంది బతుకుతెరువు కోసం అక్కడికి ఓడల్లో వచ్చారు. ఇటలీ వాళ్లు, స్పెయిన్ వాళ్లు ఎక్కువ. 1914 జనాభా లెక్కల నాటికి ఆ నగరంలో ఉన్నవాళ్లలో దాదాపు సగం మంది వేరే దేశంలో పుట్టినవాళ్లే. ఒకే ఇంటి ఆవరణ చుట్టూ ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం కాపురం. నీళ్లకు ఒకటే కుళాయి, వంటకు అందరిదీ ఒకటే చోటు. ఒక గదిలో ఇటాలియన్, పక్క గదిలో స్పానిష్, ఆ పక్కన ఇంకో భాష. అప్పటికే అక్కడ ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవారి సంతతి ఉంది, వాళ్ల డప్పుల ఆట కందోంబే ఉంది. గడ్డి మైదానాల్లో పశువులు కాసే గౌచోల పాట మిలోంగా ఉంది. క్యూబా ద్వీపం నుంచి ఓడల మీద వచ్చిన హబనేరా తాళం ఉంది. ఇవన్నీ ఆ ముంగిళ్లలో, రేవు దగ్గరి వీధుల్లో ఒకదానితో ఒకటి రాసుకున్నాయి. ఆ రాపిడిలో పుట్టిందే టాంగో. నదికి అవతలి ఒడ్డున ఉరుగ్వే రాజధాని మోంటెవిడియోలోనూ అదే సమయంలో అదే కథ జరిగింది. అందుకే 2009లో యునెస్కో టాంగోను మానవాళి వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు రెండు దేశాల పేరుమీదా కలిపే చేర్చింది.

ఇక బాండోనియన్ సంగతి. టాంగో అనగానే చెవికి వచ్చే ఆ నిట్టూర్పు లాంటి ధ్వని దీనిదే. చూడటానికి నలుచదరపు పెట్టె, మధ్యలో ముడతల తిత్తి. వాయించేవాడు కుర్చీలో కూర్చుని దాన్ని మోకాలి మీద పెట్టుకుని రెండు చేతులతో లాగుతూ, నొక్కుతూ వాయిస్తాడు. రెండు పక్కలా మీటలే. అర్జెంటీనాలో వాడే రకంలో మొత్తం 71 మీటలు. వాటి అమరికలో మన హార్మోనియం మెట్లలా వరుసా వాడీ కనబడదు. అంతకన్నా చిక్కు ఇంకోటి ఉంది. తిత్తి లాగేటప్పుడు ఒక మీట ఒక స్వరం పలికితే, నొక్కేటప్పుడు చాలా మటుకు అదే మీట వేరే స్వరం పలుకుతుంది. అంటే కుడిచేతికి లాగుడు ఒకటి, నొక్కుడు ఒకటి, ఎడమచేతికి లాగుడు ఒకటి, నొక్కుడు ఒకటి: మొత్తం నాలుగు వాయిద్యాలు నేర్చుకున్నంత పని. నేర్చుకోవడం ఎంత కష్టమో మాలో హార్మోనియం వాయించే ఒకరికి వెంటనే అర్థమైంది, మిగతావాళ్లం నమ్మేశాం.

ఈ వాయిద్యం అర్జెంటీనాది కానే కాదు. జర్మనీలో క్రెఫెల్డ్ పట్టణంలో సంగీత వాయిద్యాలు అమ్మే హైన్రిష్ బాండ్ 1840లలో దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. ఆయన ఇంటిపేరు మీదే దీనికి ఆ పేరు. పెద్ద ఆర్గన్ కొనలేని చిన్న చర్చిలకు ఇది పనికొచ్చేదని చెబుతారు. వలస వచ్చినవాళ్ల సామానుతో సముద్రం దాటి వచ్చి, భక్తి పాటల పెట్టె కాస్తా రేవు వీధుల విరహానికి గొంతు అయింది. టాంగో బృందాలన్నీ కోరుకునే బాండోనియన్లు కూడా అర్జెంటీనాలో తయారైనవి కావు. జర్మనీలో కార్ల్స్‌ఫెల్డ్ అనే ఊళ్లో ఆల్ఫ్రెడ్ ఆర్నోల్డ్ కర్మాగారం చేసినవి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఆ తయారీ క్రమంగా ఆగిపోయింది. అందుకే పాతవాటినే బాగుచేయించుకుంటూ, ఒక తరం నుంచి ఇంకో తరానికి అందించుకుంటూ వచ్చారు.

మన హార్మోనియం దీనికి దూరపు చుట్టం. రెంటిలోనూ గాలి తగిలితే కంపించే సన్నని లోహపు నాలుకలే పలుకుతాయి. హార్మోనియం కూడా యూరప్ నుంచి వచ్చినదే. పుట్టింది పారిస్‌లో. కాళ్లతో తొక్కే ఆ పెద్ద పెట్టెను కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ నేలమీద కూర్చుని ఒక చేత్తో తిత్తి ఆడిస్తూ వాయించేలా మార్చాడు. తర్వాత అది తెలుగు పద్యనాటకాల్లోకి వచ్చి ఎంతగా కలిసిపోయిందంటే, హార్మోనియం లేకుండా రంగస్థలం మీద పద్యం ఎత్తుకోవడం ఊహించలేం. అయినా దానికీ "నీ సొంతూరు ఏది?" అన్న ప్రశ్న తప్పలేదు. గమకాలు పలకని పరాయి పెట్టె అని 1940లో ఆకాశవాణి దాన్ని బయట పెట్టింది. మళ్లీ లోపలికి రానివ్వడానికి మూడు దశాబ్దాలు పట్టింది.

టాంగోకు కూడా సొంత ఊళ్లో మర్యాద దక్కింది పొరుగూరు వెళ్లి వచ్చాకే. మొదట్లో బ్యూనస్ ఎయిర్స్ ధనికులు దాన్ని అలగాజనం ఆటగా చూశారు. 1913 ప్రాంతంలో అది పారిస్ చేరింది. అక్కడ అదొక పిచ్చి అయిపోయింది. టాంగో టీ పార్టీలు, టాంగో దుస్తులు, ఏది చూసినా టాంగోయే. అదే ఏడు జర్మనీ చక్రవర్తి తన సైనికాధికారులు యూనిఫారంలో టాంగో ఆడకూడదని ఆంక్ష పెట్టాడంటే ఆ గాలి ఎంత దూరం వీచిందో చూడండి. పారిస్ మెచ్చుకున్నాక బ్యూనస్ ఎయిర్స్ పెద్దింటివాళ్లకూ అది ముద్దొచ్చింది. టాంగో పాటకు తిరుగులేని గొంతు అనిపించుకున్న కార్లోస్ గార్డెల్ విషయం ఇంకా చిత్రం. ఆయన ఉరుగ్వేలో పుట్టాడని వాదించేవాళ్లున్నా, ఎక్కువమంది ఒప్పుకునే మాట ఏమిటంటే 1890లో ఫ్రాన్స్‌లో తులూజ్ నగరంలో పుట్టి, రెండేళ్ల పసివాడిగా తల్లి చంకన బ్యూనస్ ఎయిర్స్ చేరాడని. కాబట్టి పారిస్‌లో కూర్చుని టాంగో చేయడం విడ్డూరం అనేవాళ్లకు చరిత్ర పెద్దగా సాయం చేయదు.

పారిస్ బ్యాండ్‌కు దారి వేసిన మనిషి ఆస్తోర్ పియాజోలా. ఆయన బాల్యం వింటే మనలో చాలామందికి ఎక్కడో విన్నట్టే ఉంటుంది. 1921లో అర్జెంటీనాలో పుట్టాడు. నాలుగేళ్ల వయసులో కుటుంబం న్యూయార్క్‌కు మారింది. నాన్న మంగలి పని చేసేవాడు. సాయంత్రం ఇంటికొచ్చి పాత టాంగో రికార్డులు పెట్టుకుని సొంతగడ్డను తలుచుకునేవాడు. పిల్లవాడికి ఆ పాటల కన్నా వీధిలో వినిపించే జాజ్ అంటే ఇష్టం. ఒకరోజు నాన్న తాకట్టు దుకాణంలో కనబడిన బాండోనియన్ కొని తెచ్చి కొడుకు చేతిలో పెట్టాడు. తాను వదిలి వచ్చిన ఊరిని కొడుకు చేతికి ఇచ్చే మార్గం ఆయనకు అదొక్కటే దొరికింది. కొడుకు దాని మీద టాంగోతో పాటు బాహ్ సంగీతం కూడా నేర్చుకున్నాడు. గార్డెల్ సినిమాల కోసం న్యూయార్క్ వచ్చినప్పుడు ఈ కుర్రవాడు ఆయనకు దుబాసీగా బజార్లు తిప్పాడు, 1935 నాటి ఒక సినిమాలో పేపర్లు అమ్మే పిల్లవాడిగా కనిపించాడు కూడా. తనతో కచేరీ యాత్రకు రమ్మని గార్డెల్ పిలిస్తే, పిల్లవాడు చిన్నవాడని నాన్న పంపలేదు. ఆ యాత్రలోనే 1935 జూన్ 24న కొలంబియాలో మెడెయిన్ నగరంలో విమాన ప్రమాదం జరిగి గార్డెల్ చనిపోయాడు.

పెద్దయ్యాక పియాజోలా 1954లో పారిస్ వెళ్లాడు. నాదియా బూలాంజే అనే గొప్ప గురువు దగ్గర పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం నేర్చుకోవడానికి. టాంగో వాయించేవాణ్ని అని చెప్పుకోవడానికి ఆయనకు సిగ్గుగా ఉండేదట. చివరికి ఆమె బలవంతం మీద తన టాంగో ఒకటి వాయించి వినిపిస్తే, నీ అసలు గొంతు ఇదే, దీన్ని ఎప్పుడూ వదలకు అన్న అర్థం వచ్చే మాట చెప్పి పంపింది. తిరిగి వచ్చి 1955లో ఎనిమిది మందితో ఒక బృందం కట్టాడు. అందులో ఎలక్ట్రిక్ గిటార్ పెట్టాడు. ఇది టాంగోయే కాదని పాతకాలపు అభిమానులు మండిపడ్డారు. ఆ తిట్లు ఆయన వెంట చాలా ఏళ్లు నడిచాయి. 1970లలో సింథసైజరు ఉన్న ఎలక్ట్రానిక్ బృందం కూడా కట్టి చూశాడు. కాబట్టి టాంగోలోకి కరెంటు తెచ్చిన మొదటివాళ్లు గోటాన్ ప్రాజెక్ట్ వాళ్లు కారు.

పియాజోలా తాళం గురించి ఒక్కమాట. దాన్ని అర్థం చేసుకోవడానికి పాశ్చాత్య సంగీతం చదవక్కర్లేదు. మృదంగం పాఠం విన్నవాళ్లకు వచ్చిన సొల్లుకట్టే చాలు. ఎనిమిది మాత్రలను రెండేసి చొప్పున కాకుండా ఇలా విడగొట్టండి: తకిట తకిట తక. మూడు, మూడు, రెండు. ప్రతి మాట మొదటి అక్షరం మీద చేత్తో తట్టండి. నాలుగైదుసార్లు చేస్తే ఒక కుంటినడక లాంటి ఊపు వస్తుంది. 1974 నాటి ఆయన 'లిబర్‌టాంగో' విని చూడండి, ఈ తకిట తకిట తక దాని వెన్నెముకలా వినిపిస్తుంది.

ఇప్పుడు అసలు చిక్కు. టాంగో వాద్యబృందంలో డప్పు ఉండదు! బాండోనియన్లు, వయొలిన్లు, పియానో, పెద్ద డబుల్ బేస్, అంతే. ఆఫ్రికా డప్పులతో కలిసి పుట్టిన సంగీతంలో డప్పు లేకపోవడం వింతే. తాళం పని మిగతా వాయిద్యాలే పంచుకుంటాయి. పియానో ఎడమచేయి, బేస్ కలిసి అడుగులు వేస్తాయి. వయొలిన్ వాళ్లు తీగ మీద కమానుతో గీరి కీచురాయి లాంటి చప్పుడు చేస్తారు. బాండోనియన్ పెట్టె మీద వేళ్లతో తడతారు. అన్నిటికంటే ముఖ్యం 'అరాస్త్రే'. అంటే ఈడ్పు. దెబ్బ పడబోయే ముందు బేస్, బాండోనియన్ కాస్త ముందుగానే స్వరాన్ని ఈడ్చుకుంటూ వచ్చి దెబ్బ మీద పడేస్తాయి. బరువైన బీరువాను నేల మీద జరిపినప్పటి ఊపు. పైగా టాంగో ఊపిరి పీల్చుకుంటుంది. పాట చివర నెమ్మదిస్తుంది, మళ్లీ పరుగందుకుంటుంది. డ్రమ్ మెషీనుకు ఇవేవీ తెలియవు. అది నిమిషానికి 120 కొట్టమంటే 120 కొడుతుంది, ఒక్క వెంట్రుకవాసి కూడా అటూ ఇటూ కాదు. ఈడ్చుకుంటూ నడిచే మనిషి పక్కన కవాతు చేసే మనిషిని నిలబెడితే ఇద్దరూ కలిసి నడవగలరా?

నడిపించగలిగారు. వాళ్లు చేసిన మొదటి తెలివైన పని, యంత్రాన్ని పైకి రానివ్వకపోవడం. డిస్కోలో గుండె అదిరేలా కొట్టే దెబ్బను వీళ్లు చాలా పాటల్లో నెమ్మదింపజేశారు, మెత్తబరిచారు. దాని మీద మనుషులు తమ ఇష్టం వచ్చినట్టు ఈడ్చుకోవచ్చు, ఆగవచ్చు, ఆలస్యంగా రావచ్చు. అడుగున గోడ గడియారంలా యంత్రం, పైన ఊపిరి తీసుకునే బాండోనియన్. రెండో పని, బాండోనియన్‌ను కీబోర్డు మీద నకలు చేయకుండా అర్జెంటీనా కళాకారుడు నీనీ ఫ్లోరెస్ చేత వాయించడం. పియానోకు గుస్తావో బెయ్‌టెల్‌మన్‌ను పెట్టుకున్నారు. 1976లో అర్జెంటీనాలో సైన్యం అధికారం లాక్కుని 1983 దాకా నియంతృత్వం నడిపినప్పుడు ఎందరో కళాకారులు, రచయితలు దేశం విడిచి పోవలసి వచ్చింది. బెయ్‌టెల్‌మన్ అలా పారిస్ చేరి అక్కడే ఉండిపోయినవాడు.

మూడో పని డబ్. 1970ల ప్రాంతంలో జమైకా ద్వీపంలో కింగ్ టబ్బీ వంటి సౌండ్ ఇంజినీర్లు కనిపెట్టిన పద్ధతి ఇది. పాట నడుస్తుండగా గొంతునో గిటార్‌నో ఉన్నట్టుండి తీసేస్తారు. దాని ప్రతిధ్వని మాత్రం బావిలో రాయి వేసినట్టు మళ్లీ మళ్లీ చిన్నదవుతూ వినిపిస్తుంది. గోటాన్ ప్రాజెక్ట్ వాళ్లు బాండోనియన్‌కు ఈ పని చేశారు. ఒక చిన్న పలుకు పలికించి వదిలేస్తారు. ఆ పలుకు దూరం జరుగుతూ పోతుంది. ఎక్కడో ఉన్న ఊరి నుంచి వచ్చిన ఫోన్ కాల్‌లా ఉంది అని మాలో ఒకరన్నారు. ఆ మాట కొట్టేయబోయి ఉంచేశాం.

మొదటి ఆల్బమ్‌లోని 'వుయెల్వో అల్ సుర్' వింటే ఈ మూడూ ఒకచోట దొరుకుతాయి. పేరుకు అర్థం 'దక్షిణానికి తిరిగి వస్తున్నా'. పాటకు సంగీతం పియాజోలాది, మాటలు సినిమా దర్శకుడు ఫెర్నాందో సోలానస్‌వి. ఆ దర్శకుడు కూడా నియంతృత్వ కాలంలో పారిస్‌లో తలదాచుకున్నవాడే. తిరిగి వెళ్లి 1988లో తీసిన 'సుర్' సినిమా కోసం ఈ పాట పుట్టింది. పారిస్ బ్యాండ్ ఆల్బమ్‌లో దీన్ని పాడింది క్రిస్తీనా విలాలోంగా, స్పెయిన్‌లోని బార్సిలోనా గాయని. అంటే ఊరికి తిరిగి వెళ్లే పాటను ఆ ఊరు కాని అమ్మాయి, ఆ ఊరు కాని చోట పాడింది. గొంతు ఎక్కడా పెంచదు. పక్కన కూర్చుని చెప్పినట్టు పాడుతుంది. మాకు భాష రాదు, అయినా మూడో సారి విన్నాక ఎవరం మాట్లాడలేదు.

అదే ఆల్బమ్‌లో అందరికీ తెలిసిన పాట 'సాంతా మరియా'. బ్యూనస్ ఎయిర్స్‌ను 16వ శతాబ్దంలో మొదట స్థాపించినప్పుడు పెట్టిన పొడవాటి పేరులోని మాటలవి. 2004లో వచ్చిన 'షల్ వీ డాన్స్' అనే హాలీవుడ్ సినిమాలో రిచర్డ్ గేర్, జెన్నిఫర్ లోపెజ్ దీనికే నాట్యం చేశారు. దాంతో పాట ప్రపంచమంతా తిరిగింది.

తిరగడం ఎక్కువై నష్టం కూడా జరిగింది. ఆ తర్వాత ఎలక్ట్రానిక్ టాంగో పెద్ద హోటళ్ల లాబీల్లో, కాఫీ షాపుల్లో, లిఫ్టుల్లో సన్నగా మోగే సంగీతమైపోయింది. వీళ్లను చూసి పుట్టుకొచ్చిన అనుకరణలు కొన్ని విన్నాం. ఒక బాండోనియన్ ముక్కను కంప్యూటర్‌లో పదేపదే తిప్పుతూ దాని కింద దరువు వేయడమే వాటి పని. అందులో ఈడ్పు లేదు, ఊపిరి లేదు. పాత టాంగో అభిమానులు కోప్పడ్డారంటే అటువంటి వాటి విషయంలో వాళ్ల పక్షమే మాది కూడా. గోటాన్ ప్రాజెక్ట్ పాటల్లోనూ కొన్ని నాలుగు నిమిషాల్లో చెప్పి ముగించవలసింది ఆరు నిమిషాలు సాగదీసినట్టు అనిపించాయి.

ఆ ప్రమాదం వాళ్లూ గుర్తించినట్టే ఉంది. 2006లో వచ్చిన రెండో ఆల్బమ్ 'లునాతికో'లో యంత్రాలు వెనక్కి తగ్గాయి, వయొలిన్లు, పియానో ముందుకొచ్చాయి. లునాతికో అనేది కార్లోస్ గార్డెల్ పందెపు గుర్రం పేరు! ఇందులో ఒక పాటలో అర్జెంటీనా ర్యాప్ బృందం కూడా ఉంది. మాలో ర్యాప్ ఇష్టపడేవాళ్లకు అదే మొదటి మార్కు. పెద్దవాళ్లతో కలిసి వినాలనుకుంటే మాత్రం ఈ ఆల్బమ్‌తోనే మొదలుపెట్టమంటాం.

ఈ దారిలో నడిచింది వీళ్లొక్కరే కాదు. అర్జెంటీనా, ఉరుగ్వే కళాకారులు కలిసి కట్టిన 'బాహోఫోందో' అనే బృందం మొదటి ఆల్బమ్ 2002లో వచ్చింది. వాళ్ల సంగీతం ఇంకాస్త మోటుగా, వేదిక మీద చిందులేసేలా ఉంటుంది. అందులో ఉన్న గుస్తావో సాంతావోలాయా రెండు ఆస్కార్లు గెలిచిన సంగీత దర్శకుడు. 'ద లాస్ట్ ఆఫ్ అస్' వీడియో గేమ్ ఆడినవాళ్లు ఆయన్ని పేరు తెలియకుండానే గంటల తరబడి విని ఉంటారు.

గోటాన్ ప్రాజెక్ట్ మూడో ఆల్బమ్ 'టాంగో 3.0' 2010లో వచ్చింది. ఫుట్‌బాల్ పిచ్చి ఉన్నవాళ్లు అందులో 'లా గ్లోరియా' వినాలి. 1986 ప్రపంచకప్‌లో ఇంగ్లాండ్ మీద మారడోనా కొట్టిన గోలుకు గొంతు చించుకుని వ్యాఖ్యానం చెప్పిన విక్టర్ హ్యూగో మొరాలెస్ ఇందులో తన గొంతు ఇచ్చాడు. మేము మాత్రం ఆ ఆల్బమ్‌లో 'రాయుయెలా' అనే పాట దగ్గర ఎక్కువసేపు ఆగాం. రాయుయెలా అంటే తొక్కుడుబిళ్ల. ఆ పేరుతో 1963లో ఒక నవల వచ్చింది. అధ్యాయాలను వరసగానూ చదవొచ్చు, రచయిత ఇచ్చిన పట్టిక ప్రకారం గళ్లు దాటుకుంటూ ముందుకీ వెనక్కీ గెంతుతూ కూడా చదవొచ్చు. కథలో సగం పారిస్‌లో, సగం బ్యూనస్ ఎయిర్స్‌లో జరుగుతుంది. రాసినవాడు హూలియో కోర్తాసార్.

కోర్తాసార్ మన జట్టువాడే. నాన్న అర్జెంటీనా దౌత్య కార్యాలయం ఉద్యోగి. ఆయన్ని బెల్జియంలో బ్రస్సెల్స్‌కు వేశారు కాబట్టి పిల్లవాడు 1914 ఆగస్టులో అక్కడ పుట్టాడు, సరిగ్గా జర్మనీ సైన్యం ఆ నగరాన్ని ఆక్రమించిన రోజుల్లో. అర్జెంటీనా చేరేసరికి నాలుగేళ్లు. స్పానిష్‌లో 'ర' నాలుక కొసను ఆడించి పలకాలి. చిన్నారి కోర్తాసార్‌కు అది పట్టుబడలేదు, ఫ్రెంచివాళ్లలా గొంతులోంచే పలికేవాడు. జీవితమంతా అలాగే పలికాడు. స్పానిష్ సాహిత్యంలో అంత పేరు తెచ్చుకున్న రచయిత నోట ఆ ఒక్క అక్షరం చివరిదాకా పరాయిగానే ఉండిపోయింది. 1951లో పారిస్ వెళ్లి, 1984లో చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు.

'రాయుయెలా' పాటలో గోటాన్ ప్రాజెక్ట్ వాళ్లు ఆయన గొంతునే పెట్టారు, ఆయన చదివిన పాత రికార్డింగు నుంచి తీసుకుని. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినండి. సంగీతం మధ్యలో ఒక మగగొంతు నింపాదిగా మాట్లాడుతుంది. మాటలు అర్థం కాకపోయినా ఫర్వాలేదు. 'ర' వచ్చినచోటల్లా చెవి పెట్టండి, బ్రస్సెల్స్ వినిపిస్తుంది.